మేడ మీద నాటుకోళ్ళు పెంచుదామనుకుంటున్నారా, అయితే ఇది చదివాకే గంప కొనండి

ముందే చెప్తున్నా, గేదె ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. మా బాబాయి రిటైరయ్యాక ఉప్పల్లో రెండొందల గజాల ఇంట్లో గేదెని కడదామని సీరియస్‌గా లెక్కలేశాడు, పిన్ని ఒక్కటే మాటంది, దానికి రోజుకి పాతిక ముప్పై కిలోల పచ్చిగడ్డి కావాలి, మీరు కరివేపాకు తేవడానికే మెట్లు దిగరు అని. అంతే. మేక కూడా వద్దు, దానికి మీ మొక్క పక్కింటి మొక్క అనే తేడా ఉండదు. సిటీలో కాస్త కుదిరేది కోళ్ళే, అది కూడా ఓ నాలుగు పెట్టలు.

కొనే ముందు ఓనరాంటీని అడగండి. తర్వాత అడుగుదాంలే అనుకుంటే కోడే చెప్పేస్తుంది, అదీ గుడ్డు పెట్టిన ప్రతిసారీ ఊరంతా వినపడేలా.

రోడ్డు పక్కన బుట్టలో పింకు, ఆకుపచ్చ రంగులేసి అమ్మే కోడిపిల్లల్ని మాత్రం పిల్లలు ఎంత ఏడ్చినా కొనకండి. అవి చాలావరకు గుడ్ల కోళ్ళ జాతిలో అక్కర్లేదని పక్కన పెట్టిన మగవి, ఎక్కువ రోజులు బతకవు, బతికితే రంగు పోయి తెల్ల పుంజు మిగుల్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, పెరట్లో పెంచుకోడానికని వనరాజా, గ్రామప్రియ అనే కోళ్ళ రకాలు తయారుచేసింది వాళ్ళే. మన మామూలు నాటుపెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడితే గొప్ప, పైగా ఓ డజను పెట్టగానే పొదుగుకి కూర్చుంటుంది, ఇక 21 రోజులు దాని జోలికెళ్తే పొడుస్తుంది. గుడ్లే ముఖ్యమనుకుంటే గ్రామప్రియ తెచ్చుకోండి, బాగా మేపితే 150 పైనే పెడుతుంది.

ఇప్పుడు పుంజు సంగతి. గుడ్డు పెట్టడానికి పెట్టకి పుంజు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, నేను తెచ్చేశా. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందంట ఓ ముసలమ్మ, మా వీధిలో అది నిజంగానే జరిగింది, కాకపోతే తెల్లారడం రాత్రి రెండింటికి. మేడకి ఎదురుగా ఎల్‌ఈడీ వీధిలైటు ఉంది, అది సూర్యుడనుకుందో ఏమో మొదలెట్టేది. గంప కింద పెట్టి పైన గోనెసంచి కప్పితే కొంచెం తగ్గింది, మూడో వారం దాన్ని ఊరి బస్సెక్కించేశాం.

మేత పెద్ద కష్టం కాదు. ఒక్కోదానికి రోజుకి వంద గ్రాములు పైచిలుకు, నూకలు, తవుడు, సజ్జలు, ఆకుకూర కాడలు, గుడ్డు పెంకులు బాగా ఎండబెట్టి పొడి చేసి కలిపితే కొత్త గుడ్ల పెంకు గట్టిగా వస్తుంది. ఉప్పూ మసాలాలున్న మిగుళ్ళు వద్దు. ఆదివారం బిర్యానీ మిగిలింది కదా అని వేయబోయారు మావారు, అందులో ముక్కలు ఎవరివో ఒక్కసారి గుర్తు చేసుకోండి అన్నా.

గూట్లో కింద వరి ఊక పరిచి, తడిసినప్పుడల్లా తీసి కొత్తది వేయండి, వాసనంతా తడి వల్లే. ఓ టబ్బులో బూడిద, పొడి మట్టి పెడితే వాటిలోనే పొర్లి పేలు వదిలించుకుంటాయి. రాత్రి గూడు తలుపు గడియ పెట్టడం మర్చిపోతే పిల్లులు మర్చిపోవు. ఎగిరిపోతున్నాయంటే ఒక వైపు రెక్కలో పొడుగీకలు మాత్రం కత్తిరించండి, రెండు వైపులా కత్తిరిస్తే బ్యాలెన్స్ సమానమైపోయి మళ్ళీ ఎగురుతుంది. మాది వెనకింటాయన తెల్ల పంచె మీద దిగాక తెలిసింది ఇది.

మేలో మేడ స్లాబు పెనంలా ఉంటుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతోందంటే ఎండ ఎక్కువైందని అర్థం, నీడ కట్టి తడి గోనెలు వేలాడదీసి మట్టి మూకుడులో నీళ్ళు రెండు మూడు సార్లు మార్చాలి. కొక్కెర తెగులుకి, అదే రాణిఖెట్ జబ్బుకి, టీకా తప్పనిసరి, కోడిపిల్లలకి మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో చుక్క వేస్తారు. చిక్కేంటంటే సీసాలో వంద డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, మీకున్నవేమో నాలుగు. పశువుల డాక్టర్ గారిని అడిగి, ఇంకెవరైనా పెంచుతుంటే వాళ్ళతో కలిసి అదే రోజు వేయించుకోండి.

గుడ్లు రాగానే మొదటి నాలుగూ మీరు తినకండి, ఓనరాంటీకి రెండు, పంచె పాడైనాయనకి రెండు. ఆ తర్వాత మా వీధిలో కోడి కూతల మీద కంప్లైంట్ రాలేదు, ఈ వారం గుడ్లేవీ అని మాత్రం వచ్చింది.

ఇంకోటి, పిల్లల్ని కోళ్ళకి పేర్లు పెట్టనివ్వకండి. మొన్న కనుమకి మా అత్తయ్యగారు ఊర్నుంచొచ్చి, మేడెక్కి, బాగా బలిసిన దాన్ని చూసి ఇది ముదిరిపోతుందమ్మా అన్నారు, మా చిన్నది లడ్డూని కొయ్యనివ్వనని గూడు ముందు కూర్చుని అన్నం కూడా అక్కడే తింది. చివరికి నాలుగు కోళ్ళున్న ఇంట్లో కనుమ పూట కోడికూర కర్రీ పాయింట్ నుంచి వచ్చింది, అది కూడా లడ్డూకి వాసన తగలకుండా కిటికీలన్నీ మూసి తిన్నాం.