మరిగించడం మానేశాక కనిపించిన గీత
అనంతపురంలోని మా ల్యాబ్‌లో గ్లూకోసిల్‌సెరమైడ్ సింథేజ్ అనే ఎంజైము కోసం వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం వారీగా విడదీసి, కావలసినదాన్ని యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేస్తే, సుమారు 45 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలమానం) దగ్గర రావలసిన గీత జాడ లేదు. పైఅంచున మాత్రం నల్లటి మరక. అందరూ యాంటీబాడీనే తిట్టారు; నా అనుమానం నమూనా మీద. సెరమైడ్ అనే కొవ్వుకు గ్లూకోజ్‌ను తగిలించి గ్లైకోలిపిడ్ల (చక్కెర తగిలిన కొవ్వుల) తయారీకి నాంది పలికే ఈ ఎంజైము కణంలోని గాల్జీ అనే భాగపు పొరలో ఇమిడి ఉండే ప్రోటీన్. పొరను పలుమార్లు దాటే ఇలాంటి ప్రోటీన్లను 95 డిగ్రీల్లో మరిగిస్తే ఉడికిన తెల్లసొనలా ముద్దకట్టి జెల్‌లోకి దిగకపోవచ్చు. అందుకే నమూనాను ఎస్‌డీఎస్ (ప్రోటీన్లను విప్పే డిటర్జెంటు) బఫర్‌లో 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచాను. (మా ఎండాకాలంలో ఆ వేడికి పరికరమే అక్కర్లేదు!) గీత వచ్చింది. అది అసలుదేనా? ఈ ఎంజైముకు మూలమైన యూజీసీజీ జన్యువును అణచిన కణాల్లో అదే గీత పలచబడింది. అప్పుడు నమ్మాను. యాంటీబాడీని చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 20లో పెట్టాం. మాటిమాటికీ కరిగి గడ్డకట్టడం దానికి పడదు.