షాంఘైకి తొలిసారి వెళ్లేవారికి: జాగ్రత్తలు, మర్యాదలు

షాంఘైలో కొత్తవారికి రాత్రివేళ ఒంటరిగా నడవడం కంటే పట్టపగలు రోడ్డు దాటడమే ఎక్కువ ప్రమాదం. వాహనాలు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి కనుక మొదట చూడవలసింది ఎడమవైపు. పాదచారులకు పచ్చలైటు వెలిగినా కుడివైపు తిరిగే కార్లు వస్తూనే ఉంటాయి. చప్పుడు చేయని బ్యాటరీ స్కూటర్లయితే ఏ దిక్కు నుంచైనా రావచ్చు.

అక్కడ చెల్లింపులకు వాడే అలీపే, వీచాట్ యాప్‌లలో అంతర్జాతీయ కార్డును ప్రయాణానికి ముందే జతచేసుకోవాలి. ఓటీపీ సొంత నంబరుకే వస్తుంది కనుక ఆ పని ఇంటి దగ్గరే ముగించుకోవడం మేలు. అక్కడి వైఫైలో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. అందువల్ల హోటల్ చిరునామాను చైనా లిపిలో ఫొటో తీసి ఉంచుకుంటే టాక్సీ డ్రైవరుకు చూపవచ్చు. దిగేటప్పుడు మీటరు రసీదు అడిగి తీసుకోవాలి, ఏదైనా కారులో మరిచిపోతే ఆ బండిని వెతకడానికి అదే ఆధారం.

పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉండాలి. హోటల్‌లో దిగితే పోలీసు నమోదు వారే చేస్తారు. స్నేహితుల ఇంట్లో దిగితే 24 గంటల్లోగా మనమే చేయించుకోవాలి.

అసలు జాగ్రత్త నాన్‌జింగ్ రోడ్డులోనూ, పీపుల్స్ స్క్వేర్ దగ్గరా కావాలి. ఇద్దరు యువతీయువకులు వచ్చి ఫొటో తీయమని అడుగుతారు, చక్కని ఇంగ్లీషులో కబుర్లు చెబుతారు, దగ్గరలోనే టీ రుచి చూద్దామని పిలుస్తారు. వెళ్తే, చిన్న గదిలో బొటనవేలంత కప్పుల్లో నాలుగైదు రకాల టీ పోసి చివరకు వందల, ఒక్కోసారి వేల యువాన్ల బిల్లు చేతిలో పెడతారు. ఆగకుండా నడుస్తూనే చిరునవ్వుతో "బు యోంగ్ ల, షియే షియే" అంటే సరిపోతుంది. వద్దు, ధన్యవాదాలు అని దాని అర్థం. అప్పటికే చిక్కుకుంటే పోలీసుల నంబరు 110.

భోజనంలో మర్యాద తప్పే అవకాశం చాప్‌స్టిక్‌ల దగ్గరే ఎక్కువ. వాటిని అన్నంలో నిలువుగా గుచ్చితే చనిపోయినవారి ముందు వెలిగించే అగరొత్తులు గుర్తుకొస్తాయి కనుక గిన్నె పక్కన పడుకోబెట్టాలి. పెద్దవారితో గ్లాసు తాకించేటప్పుడు మన గ్లాసు అంచు కాస్త కిందికి ఉండాలి. టిప్పు ఇచ్చే ఆచారం లేదు. బల్ల మీద డబ్బు వదిలి వస్తే, మరిచిపోయామనుకుని వెయిటరు వీధిలోకి పరుగెత్తుకొచ్చి మరీ తిరిగి ఇవ్వవచ్చు.