మైపాడు ప్రయాణానికి మోరిస్ మైనర్‌ను సిద్ధం చేసుకోవడం

ఇంగ్లండులో 1948లో విడుదలైన మోరిస్ మైనర్‌ను, తోటి పాతకార్ల మిత్రులతో కలిసి నెల్లూరు నుంచి మైపాడు తీరానికి నడపదలచినవారు ముందురోజు సాయంత్రమే బానెట్ ఎత్తి చూసుకోవాలి. తర్వాతి మైనర్లలో వచ్చిన ఎ సిరీస్ ఇంజన్ అయితే, ఇగ్నిషన్ ఆపి, స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ఇంజన్‌ను మెల్లగా తిప్పుతూ, లోపల కరెంటును కలిపి తెంచే కాంటాక్ట్ పాయింట్లు పూర్తిగా విడివడిన చోట నిలిపి, వాటి నడుమ సందును దాదాపు 0.4 మిల్లీమీటర్లకు సరిచేయాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు బిగుసుకోకుండా, వదులుగా జారిపోకుండా, సన్నగా రాసుకుంటూ బయటికి రావాలి. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే ఎస్‌యూ కార్బురేటర్ పైనున్న నూనె గొట్టం, అంటే డాష్‌పాట్‌లో, నూనె తగ్గితే పోయాలి.

ఈ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి కలిపి ఉంటుంది కనుక, కొత్త బ్యాటరీ బిగించే మెకానిక్‌కు ఆ సంగతి ముందే చెప్పాలి. సెన్సర్లతో నడిచే కొత్త కార్లను నేను అంతగా నమ్మను. దారిలో ఆగితే దీపం వెలుగుతుందే గాని, స్కానర్ తగిలిస్తే తప్ప కారణం చెప్పవు. తిరిగి రాగానే ఉప్పుగాలి తగిలిన అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి.