అడ్వాన్స్ ఇచ్చే ముందు రాత్రిపూట ఒకసారి నడిచి చూడండి

హైదరాబాద్‌లో పిల్లలతో ఉండటానికి ఇల్లు వెతుకుతున్నారా? ఆదివారం పగలు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. మామూలు రోజున రాత్రి తొమ్మిదిన్నరకు బస్టాప్ నుంచో, మెట్రో స్టేషన్ నుంచో ఆ ఇంటిదాకా నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, వైన్ షాపు ముందు గుంపు ఉందా, కుక్కలు వెంటపడుతున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. గేటెడ్ కమ్యూనిటీ అయినా గేటు బయటి దారి చూడాల్సిందే. వీధి చివర కిరాణా కొట్టు ఆవిడనో, ఇస్త్రీ బండి అతన్నో అడగండి, బ్రోకర్ చెప్పనివి వాళ్లు చెప్తారు. ముఖ్యంగా వానకు ఆ గల్లీ మునుగుతుందా, దగ్గర్లో మూత లేని నాలా (పెద్ద మురుగు కాలువ) ఉందా అని అడగండి. చిన్నపిల్లలున్న ఇంట్లో నాకు దొంగల భయం కన్నా నాలాల టెన్షనే ఎక్కువ. దిగిన రోజే పిల్లలకు 112 (ఎమర్జెన్సీ), 1098 (చైల్డ్ హెల్ప్‌లైన్) నంబర్లు నేర్పించండి.