డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్ళ బాధకు చోటివ్వడం ఎలా?

సాయంత్రమయ్యేసరికి అమ్మ గుమ్మం దగ్గర నిలబడి "మా ఇంటికి పోతాను, నాన్న ఎదురుచూస్తుంటాడు" అంటుంది. "తాతయ్య ఎప్పుడో పోయాడు, ఇదే నీ ఇల్లు" అంటాం మనం. మనకది పాత సంగతి. ఆమెకు అప్పుడే విన్న చావు కబురు.

ముందు వాదన ఆపండి. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అందులో కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే మెదడు భాగం, హిప్పోకాంపస్, తొలిదశలోనే దెబ్బతింటుంది. ఎన్నిసార్లు సరిదిద్దినా ఆ మాట నిలవదు, అది పెట్టిన బాధ మాత్రం ఉండిపోతుంది. 2014లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ ఉన్నవారికి విషాద దృశ్యాలూ సంతోషకరమైన దృశ్యాలూ వేరువేరుగా చూపించారు. ఏం చూశారో మరిచిపోయాక కూడా ఆ దిగులో, ఆ సంతోషమో వాళ్ళలో మిగిలే ఉంది.

తర్వాత, ఆ మాట వెనకున్న బెంగకు జవాబివ్వండి. పక్కన కూర్చుని "నాన్న గుర్తొస్తున్నాడా అమ్మా? నీకేం తెచ్చిపెట్టేవాడు?" అని అడగండి. చెప్పనివ్వండి. ఏడుపొస్తే ఏడవనివ్వండి. వెంటనే టీవీ పెట్టి మరిపించాలని చూడకండి, ఆ కాసేపు ఆమెకు కావాలి. కాఫీ, నడక ఆ తర్వాత.

"నా గొలుసు కోడలే తీసింది" అన్నప్పుడు ఇది చాలా కష్టం. ఆ కోడలు నొచ్చుకోవడం న్యాయమే. అయినా అప్పుడు తన తప్పు లేదని నిరూపించుకోబోతే గొడవ పెరుగుతుంది. "గొలుసు కనబడకపోతే ఎవరికైనా కంగారే అత్తయ్యా, పదండి వెతుకుదాం" అంటే చాలు. అత్తగారు దగ్గర లేనప్పుడు "నువ్వు తీయలేదని మాకు తెలుసు" అని ఆ కోడలితో ఇంట్లోవాళ్ళు నోరు తెరిచి చెప్పాలి. చాలా ఇళ్ళలో ఈ ఒక్క మాటే కరువు.

మాట పోయినవాళ్ళ విషయంలో ముఖమూ చేతులూ చూడండి. కొంగు నలపడం, చేయి తోసేయడం కూడా చెప్పడమే.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి మారిపోతే మాత్రం దిగులు అనుకుని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇక మీ సంగతి. విసుగు, కోపం, "ఇదెప్పటికి ముగుస్తుంది" అన్న ఆలోచన వస్తాయి. అది పాపం కాదు. గొంతు పెరుగుతోందని తెలియగానే ఇంకొకరిని కూర్చోబెట్టి బయటికి వెళ్ళండి. రాత్రి కాపలా ఒక్కరి మీదే వేయకుండా వంతులు వేసుకోండి. పంచుకునేవాళ్ళు లేక టెన్షన్ భరించలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.