తెల్ల స్విఫ్ట్‌కి నల్ల సైలెన్సర్

మా మేనల్లుడు సెకండ్ హ్యాండ్‌లో తెల్ల స్విఫ్ట్ కొన్నాడు. వారం తిరక్కుండానే నన్ను బండి వెనక్కి లాక్కెళ్లి, "ఏటి మావయ్యా, ఈ సైలెన్సర్ చూడు, తుప్పుతో పరువు తీసేస్తంది. నల్లగా కొట్టేద్దామా?" అన్నాడు. వాళ్లుండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, బండి కింద వేలాడే ఇనుము సంగతి చెప్పాలా.

నేను ఇరవై రెండేళ్లు ఓడలకు రంగులు వేసే పనిలో ఉన్నాను. అయినా నా మొదటి సైలెన్సర్‌ని చేజేతులా పాడుచేసుకున్నాను. అప్పుడు నాది మారుతి 800. గేటుకి వేయగా మిగిలిన నల్ల ఎనామిల్‌ని బ్రష్‌తో పూసేశాను. సాయంత్రానికి నిగనిగలాడింది. మర్నాడు భీమిలి రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్లానో లేదో, పక్కన ఆటో అతను "బండి కాలిపోతోంది బాబూ!" అని కేకేశాడు. దిగి చూస్తే రంగంతా అప్పడంలా పొంగి ఉంది. ఆ కమురు వాసన వారం రోజులు వదల్లేదు.

మామూలు ఎనామిల్ నూటయాభై డిగ్రీల లోపే మెత్తబడుతుంది, ఆపైన మాడుతుంది. పెట్రోల్ బండిని గట్టిగా తోలితే ఇంజిన్ పక్కనుండే మానిఫోల్డ్, అంటే పొగ ముందుగా బయటికొచ్చే గొట్టాల గుత్తి, 600 డిగ్రీలు దాటొచ్చు. వెనకనుండే సైలెన్సర్ డబ్బా దగ్గరికి వచ్చేసరికి వేడి చాలా తగ్గుతుంది, అయినా ఎనామిల్ దానికి ఆగదు. అందుకే సిలికోన్ రకం హై టెంపరేచర్ స్ప్రే కొనండి. స్ప్రే డబ్బా మీద 600 డిగ్రీల సెల్సియస్ అని ఉండాలి. 400 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి చాలు. మెరిసే గ్లాసీ రకం వద్దు, మెరుపు లేని మ్యాట్ తీసుకోండి. నున్నగా లేని ఇనుము మీద మెరుపు రంగు వేస్తే ప్రతి గుంటా కనిపిస్తుంది.

ఎంత మేర వేయాలి? నన్నడిగితే వెనక డబ్బా, దాని నుంచి బయటికొచ్చే గొట్టం, చివరనున్న టిప్పు, అంతే. పొగలోని విషవాయువుల్ని తగ్గించే కన్వర్టర్ జోలికి, పొగలో ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్ జోలికి వెళ్లకండి. మానిఫోల్డ్ కూడా చేద్దామన్నాడు మావాడు. బానెట్ ఎత్తితే తప్ప కనపడనిదానికి అంత కష్టమెందుకని వదిలేశాం.

బండి రాత్రంతా చల్లారాక పొద్దున్నే మొదలుపెట్టండి. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద దించండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి నేనైతే చెయ్యి కూడా పెట్టను. డబ్బాని విప్పి తీస్తే పని సులువే గానీ, తుప్పు పట్టిన నట్టుని తిప్పితే స్టడ్డు పుటుక్కుమని విరుగుతుంది, ఆ తర్వాత వెల్డింగ్ షాపుకి వెళ్లాలి. మేం విప్పలేదు. టిప్పు మాత్రం ఒక్క స్క్రూతో ఊడొచ్చింది, దాన్ని విడిగా తీగకు వేలాడదీసి చేశాం.

రంగుకంటే ముందు ఒక పరీక్ష. స్క్రూడ్రైవర్ పిడితో డబ్బా అంతా తట్టి చూడండి. ఖంగుమంటే బాగున్నట్టు. ఎక్కడైనా మెత్తగా, బోలుగా పలికితే లోపల్నుంచి తినేసినట్టే, అక్కడ అతుకు వేయించుకోక తప్పదు. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. దూరం తోలితే ఆవిరై పోతుంది. రోజూ రైతు బజారు దాకా వెళ్లొచ్చే బండిలో మాత్రం డబ్బా అడుగున నిలిచిపోతుంది. ఆ నీరు కారిపోవడానికే చాలా డబ్బాలకు అడుగున చిన్న కన్నం ఉంటుంది. దాన్ని చూసి మావాడు "చిల్లు పడిపోయింది మావయ్యా" అని కంగారుపడ్డాడు. రంగుతో అది పూడిపోకుండా అగ్గిపుల్ల గుచ్చాం. మీరూ అలాగే చేయండి.

ఇక అసలు పని. మా ఊరివాళ్లు చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తుప్పు కనపడగానే ఎమెరీ పేపర్ పట్టుకోకూడదు. ముందు సబ్బు నీళ్లతో కడిగి, మంచినీళ్లు ధారాళంగా పోసి ఉప్పు వదిలించాలి. ఉప్పుతో ఉన్న ఇనుముని రుద్దితే ఆ ఉప్పు గుంటల్లోకి దిగిపోతుంది, ఆరు నెలలకు రంగు కింద బుడగై లేస్తుంది. ఓడల దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. ఆరాక వైర్ బ్రష్‌తో పెచ్చులు రాల్చి, 80 నంబర్ ఎమెరీతో మొదలుపెట్టి 220తో ముగించండి. ముక్కుకి మాస్కు, కళ్లకి అద్దాలు ఉండాలి. మాకు డబ్బా ఒక్కదానికే గంటన్నర పట్టింది, భుజం రెండ్రోజులు లాగింది. క్రోమ్ టిప్పుని మెరుపు పూర్తిగా చచ్చేదాకా రుద్దాలి, నున్నటి క్రోమ్ మీద ఏ రంగూ పట్టదు.

తర్వాత శుభ్రమైన గుడ్డకి థిన్నర్ అద్ది రెండుసార్లు తుడవండి. అప్పట్నుంచి ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు దగ్గర రంగు పట్టదు. సైలెన్సర్ రబ్బర్లు, బంపర్, టైరు, అన్నిటికీ పాత పేపర్లు చుట్టి మాస్కింగ్ టేప్ వేయండి. మామూలు ప్రైమర్ కొట్టకండి. అది కింద మాడిపోతే పైన ఎంత ఖరీదైన రంగున్నా ఊడిపోతుంది. వేడికి ఆగే ప్రైమర్ దొరికితే సరే, లేకపోతే అసలొద్దు.

మేం జనవరిలో, పదకొండు గంటల ఎండలో కొట్టాం. వానాకాలంలో మన తీరంలో గాలే తడిగా ఉంటుంది, రంగు తెల్లబారుతుంది. స్ప్రే డబ్బాని రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు కంటే కాస్త ఎక్కువ దూరంలో పట్టుకుని, చేతిని ఆపకుండా కదుపుతూ కొట్టండి. మొదటి కోటులో ఇనుము కనిపిస్తూనే ఉంటుంది. మావాడు ఓపిక పట్టలేక ఒకచోట మందంగా కొట్టాడు, వెంటనే కారింది. తుడిచి, రుద్ది, మళ్లీ కొట్టాం. పది నిమిషాలకో కోటు చొప్పున మూడు పలచటి కోట్లు సరిపోతాయి.

ఆరిందని సంబరపడి వదిలేస్తే గోటితో గీస్తే చాలు, లేచిపోతుంది. ఈ రంగు వేడికే గట్టిపడుతుంది. స్ప్రే డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చాక పేపర్లూ టేపూ అన్నీ పీకేసి, బండిని ఆరుబయట పెట్టండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు, ఆ పొగ ప్రాణాంతకం. కింద ఎండుగడ్డి కూడా ఉండకూడదు. పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఇరవై నిమిషాలు చల్లారనిచ్చి, మళ్లీ ఇరవై నిమిషాలు ఆన్ చేసి, మళ్లీ చల్లార్చి, ఆఖర్న అరగంట తోలుకురండి. మొదట్లో కొంచెం పొగ, వాసన వస్తాయి, టెన్షన్ పడక్కర్లేదు. మేం ఆనందపురం దాకా వెళ్లి టీ తాగి వచ్చాం. మావాడు దార్లో రెండుసార్లు ఆపి దిగి చూసుకున్నాడు.

రంగు మార్చారని పోలీసులు ఆపరు. సైలెన్సరే మార్చి మోత పెంచితే ఆపుతారు. 2024లో మా విశాఖలోనే అలాంటి బైకు సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు.

రాళ్లు తగిలి సైలెన్సర్ అడుగున రంగు లేస్తుంది. అందుకే మిగిలిన స్ప్రేని పారేయకండి. స్ప్రే డబ్బాని తలకిందులు చేసి గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కితే నాజిల్ పూడుకుపోదు, వచ్చే ఏడాది అతుకులకి పనికొస్తుంది.