పెద్ద నవలతో ఏడాది – మూడో పాఠం: ఎవరోళ్ళ పిలగాడు?

పోయిన పాఠంలో ఒక నోటుబుక్కు కొనుక్కోమన్నాను, రోజుకు ఒక్క అధ్యాయం చాలన్నాను. టాల్‌స్టాయ్ 'యుద్ధము–శాంతి'లో రష్యన్ మూలం ప్రకారం 361 అధ్యాయాలున్నాయి. రోజుకొకటి చదివితే ఏడాదిలో ఇంకా నాలుగు రోజులు మిగులుతాయి. లెక్క కుదిరింది గానీ చదువు కుదరలేదు. మొన్న ఆదివారం నల్లగొండ రామగిరిలో మేం ఎనిమిది మందిమి కూర్చుంటే, అందులో ఐదుగురు పదో అధ్యాయం దాటలేదు. కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట: "పేర్లు గుర్తుంటలేవు సార్."

కాబట్టి ఈ వారం యుద్ధం జోలికి పోవద్దు. పేర్ల సంగతి ఒక్కటే చూద్దాం. ఈ నవల మధ్యలో వదిలేసినవాళ్ళలో ఎక్కువ మంది ఆగింది ఇక్కడే. మొదటిసారి నేనూ ఇక్కడే ఆగాను. అప్పుడు నేను చేసిన తప్పేమిటంటే, పుస్తకం ముందు పేజీల్లో ఉన్న పాత్రల పట్టిక మొత్తం ఒక డ్రాయింగ్ షీటు మీద ఎక్కించి గోడకు అంటించాను. కొత్త పేరు వచ్చినప్పుడల్లా లేచి గోడ దగ్గరికి పోయేవాణ్ణి. నెల తిరిగేసరికి గోడ చదివాను తప్ప నవల చదవలేదు.

పేర్లు గుర్తుపెట్టుకోవాలని చూడకండి. వరుస కలపండి.

మా ఊరు దేవరకొండ దగ్గర. చాలా ఏళ్ళ తర్వాత ఊరికి పోతే అరుగు మీద కూర్చున్న ముసలాయన నా పేరు అడగలేదు. "ఎవరోళ్ళ పిలగాడివి బిడ్డా?" అన్నాడు. ఫలానా కిష్టయ్య కొడుకునని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. మా అమ్మ పుట్టిన ఊరు, మా చెలక పక్కన బావి, మా మేనత్తను ఇచ్చిన ఇల్లు, అన్నీ ఆయనే చెప్పుకుంటూ పోయాడు. నా పేరు అప్పటికీ ఆయనకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

రష్యన్ వాళ్ళు 'ఎవరోళ్ళ పిలగాడు' అన్న ప్రశ్నకు జవాబును పేరులోనే కలిపేస్తారు. నవలలో ముఖ్యపాత్రల్లో ఒకడైన మన పియేర్ అసలు పేరు ప్యోత్ర్ కిరీలొవిచ్. ప్యోత్ర్ ఆయన పేరు. కిరీలొవిచ్ అంటే కిరీల్ కొడుకు. మొదటి భాగంలో చావు మంచం మీద ఉన్న ముసలి కౌంట్ పేరు కిరీల్ బెజుఖోవ్. తండ్రీకొడుకుల సంబంధం మీకు ఎవరూ చెప్పనక్కర లేకుండా పేరే చెప్పేస్తోంది. చివర 'ఒవిచ్', 'యెవిచ్' వస్తే కొడుకు. 'ఒవ్నా', 'యెవ్నా' వస్తే కూతురు. అంద్రేయ్ నికొలాయెవిచ్, మార్యా నికొలాయెవ్నా అని రెండు పేర్లు కనబడితే ఇద్దరూ నికొలాయ్ పిల్లలు, అన్నాచెల్లెళ్ళు. ఇంటిపేరు కూడా మగవాళ్ళకు ఒక రకంగా, ఆడవాళ్ళకు ఒక రకంగా మారుతుంది. రొస్తోవ్ ఇంటి ఆడపిల్ల రొస్తోవా. బొల్కోన్‌స్కీ ఇంటి ఆడపిల్ల బొల్కోన్‌స్కయా. తెలుగు అనువాదాల్లో, ఇంగ్లిష్ అనువాదాల్లో ఈ తోకల స్పెల్లింగు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాని గురించి టెన్షన్ పడకండి. తోక వినబడితే చాలు.

ఇక ముద్దుపేర్లు. మహబూబ్‌నగర్ నుంచి ఫోన్లో కలిసే అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఆమె అడిగింది: "సార్, నతాల్యా, నటాషా, నటాలీ ముగ్గురా, ఒక్కరా?" నేను జవాబు చెప్పేలోపే కండక్టరుగా పనిచేసే అన్న అందుకున్నాడు: "నువ్వు ఉండేది పాలమూరులనా, మహబూబ్‌నగర్‌లనా?" అమ్మాయి ఒక్క క్షణం ఆగి నవ్వింది.

దీనికంటే మంచి వివరణ నేను ఇవ్వలేను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో ఆ ఊరికి మహబూబ్‌నగర్ అని పేరు పెట్టారు. పాలమూరు అన్న పాత పేరు మాత్రం నోళ్ళలో అలాగే ఉంది. కాగితాల మీద ఒకటి రాస్తాం, కష్టం చెప్పుకునేటప్పుడు, పాట పాడేటప్పుడు ఇంకొకటి అంటాం. రెండూ ఒక ఊరేనని మనకు ఎవరూ నేర్పలేదు. నవలలో కూడా అంతే. నటాషా అని పిలిచేవాళ్ళు ఇంటివాళ్ళు, దగ్గరివాళ్ళు. నతాల్యా ఇల్యీనిచ్నా అని ఎవరైనా పిలిచారంటే గౌరవమైనా ఉండాలి, దూరమైనా ఉండాలి. నికొలాయ్‌ని వాళ్ళమ్మ నికొలెంకా అంటుంది. మన ఇళ్ళలో యాదగిరి 'యాద్గిరి' అవుతాడు, 'యాది' అవుతాడు, కోపమొస్తే పూర్తి పేరు బయటికొస్తుంది. ఎవరు ఏ పేరుతో పిలిచారో చూస్తే ఆ ఇద్దరి మధ్య ఏముందో తెలిసిపోతుంది. ఈ ఒక్క అలవాటు మీకు పట్టుబడిందంటే, మిమ్మల్ని తరిమిన ఆ పేర్లే కథ చెప్పడం మొదలుపెడతాయి.

రొస్తోవ్‌ల ఇంట్లో పేరుపండుగ (తమ పేరున్న సెయింటు రోజున చేసుకునే పండుగ) అధ్యాయం మళ్ళీ ఒకసారి చూడండి. తల్లి పేరు నతాల్యా, చిన్న కూతురి పేరూ నతాల్యానే. ఇద్దరికీ ఒకే రోజు పండుగ. చాలామంది ఇక్కడ తికమకపడి రెండు పేజీలు వెనక్కి పోతారు. తాత పేరు మనవడికి పెట్టి, ఆ పేరుతో పిలవలేక 'చిన్నా' అనే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. మనకు తికమక ఎందుకు?

మధ్యలో ఫ్రెంచి పేర్లు కూడా వస్తాయి. ప్యోత్ర్ పియేర్ అయ్యాడు. యెలేనా ఎలెన్ అయింది. నవల మొదటి వాక్యమే ఫ్రెంచిలో మొదలవుతుంది. 1805లో పీటర్స్‌బర్గ్ పెద్దింటివాళ్ళు నెపోలియన్‌ను తిడుతున్నది కూడా నెపోలియన్ భాషలోనే. ఇది పరాయి వింతగా అనిపిస్తే మన పెద్దవాళ్ళను అడగండి. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు, అర్జీ ఉర్దూలో. హోదా చూపించాలంటే నాలుగు ఉర్దూ ముక్కలు పడాల్సిందే. ఇప్పుడు ఆ స్థానంలో ఇంగ్లిష్ కూర్చుంది. కాబట్టి ఫ్రెంచి మాట కనబడగానే అర్థం కోసం కిందికి దిగకండి. ముందు 'ఈ మాట రష్యన్‌లో ఎందుకు అనలేదు?' అని అడగండి. చాలాసార్లు అసలు అర్థం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు నోటుబుక్కు తెరవండి. పేర్ల పట్టిక రాయొద్దు, ఇళ్ళు రాయండి. పేజీకి ఒక ఇల్లు. రొస్తోవ్‌లు, బొల్కోన్‌స్కీలు, బెజుఖోవ్‌లు, కురాగిన్‌లు, ద్రుబెత్‌స్కోయ్‌లు. మొదటి భాగానికి ఈ ఐదిళ్ళు చాలు. మిగతా వచ్చేపోయేవాళ్ళను పోనివ్వండి. పెళ్ళికి పోతే వచ్చిన అందరితోనూ వరుస కలుపుతామా?

ప్రతి మనిషి పక్కన ఒక్క గుర్తు రాయండి. ఈ గుర్తులు టాల్‌స్టాయే ఇస్తాడు. అంద్రేయ్ భార్య లీజా పై పెదవి కాస్త పొట్టి, దాని మీద సన్నని నూగు. ఆమె వచ్చినప్పుడల్లా ఆ పెదవి మాట మళ్ళీ వస్తుంది. మార్యాకు అందం లేదంటాడు, కానీ కళ్ళలో వెలుగు ఉందంటాడు, అడుగుల చప్పుడు బరువుగా ఉంటుందంటాడు. ఎలెన్‌ది ఎవరిని చూసినా మారని ఒకటే నవ్వు. పియేర్‌కు లావాటి ఒళ్ళు, కళ్ళద్దాలు. మొదట్లో ఇవి వర్ణన కోసం రాశాడనుకుని నేను దాటేశాను. రెండోసారి చదివినప్పుడు తెలిసింది, వందల మంది తిరిగే పుస్తకంలో మనం తప్పిపోకుండా ఆయన కట్టిన గుర్తులివి. లీజా పెదవిని మాత్రం వదలకండి. ఎందుకో ఇప్పుడు చెప్పను.

మా గుంపులో చండూరు నుంచి వచ్చే అక్క నేత ఇంటి మనిషి. ఆమె చదివింది ఏడో తరగతి వరకే. మొదటి రోజు ఏమీ మాట్లాడలేదు. రెండో వారం, పీటర్స్‌బర్గ్ పెద్దింటి మనిషి అన్నా పావ్లొవ్నా ఇంట్లో విందు సీను చదువుతున్నాం. అక్కడ ఒక పోలిక ఉంది. నూలు వడికే కార్ఖానా యజమాని పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి చుట్టూ తిరుగుతూ, ఏ కదురైనా ఆగినా, కిర్రుమన్నా గబగబా పోయి సరిచేసినట్టు, ఆమె అతిథుల మధ్య తిరిగిందట. మాకందరికీ అది ఒక వాక్యం. చదివేసి ముందుకు పోబోతున్నాం. అక్క ఆపింది.

"మా మామ గిట్లనే ఉండె సార్. నాలుగు మగ్గాలు ఆడుతుంటే అన్నం తినుకుంటనే వినేటోడు. చప్పుడు మారిందంటే కంచం ముందటి నుంచి లేచేది. పోగు తెగిందని ఆయనకు తెలుస్తది, మాకు తెల్వది." కాసేపాగి మళ్ళీ అంది: "గా పియేర్ అనేటోడు గట్టిగ మాట్లాడుతున్నడు గద. చప్పుడు మారింది ఆయన తోనే."

నేను ఆ సీను నాలుగుసార్లు చదివినవాణ్ణి. పియేర్ ఆ విందులో వేరే చప్పుడు చేసే కదురు అని నాకు తట్టలేదు. అన్నా పావ్లొవ్నా పియేర్‌ను కనిపెట్టుకుని తిరగడం, 'అబ్బే' అని పిలిచే క్రైస్తవ మతగురువుతో వాదానికి దిగితే ఇద్దరినీ అందరి మధ్యలోకి లాక్కురావడం, అంతా ఆ ఒక్క పోలికలోనే ఉంది. ఆ రోజు నుంచి అక్క మాట్లాడుతోంది. మొదటి వంద పేజీల్లో ఏ కథా ముందుకు పోవడం లేదని మేం విసుక్కుంటుంటే, చిటికి పని ఎలా చేస్తారో చెప్పింది. నూలుకు ట్యూబు రబ్బరు పట్టీలు కట్టి రంగులో ముంచుతారు, విప్పుతారు, మళ్ళీ కడతారు, ఇంకో రంగులో ముంచుతారు. ఆ పోగులు చేతిలో పట్టుకుంటే ఎక్కడెక్కడో మరకలే కనబడతాయి. మగ్గం ఎక్కాకే పువ్వు తేలుతుంది. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఇప్పుడు ఆ మాటే రాసి ఉంది.

కలిసి చదవడంలో మేం పెట్టుకున్న పద్ధతి కూడా చెప్తాను. మొదటి అరగంట ఎవరూ ఏదీ వివరించకూడదు. ఒక్కొక్కరు తాము ఎక్కడ తప్పిపోయారో ఆ పేజీ మాత్రం చెప్పాలి. "నాకు అంతా అర్థమైంది" అనేవాళ్ళు ఆ అరగంట వింటూ కూర్చోవాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, మా గుంపు నిలబడింది దీనివల్లే. ఇంతకు ముందు ఒక గుంపులో పెద్దగా చదువుకున్న ఒకాయన ప్రతి వారం గంట ఉపన్యాసం ఇచ్చేవాడు. నాలుగో వారానికి ఆయన, నేను మిగిలాం. తెలియనిది తెలియదని పది మంది ముందు చెప్పగలిగిన చోటే మనిషి మళ్ళీ వస్తాడు. ఇంకో నియమం: ముందు జరిగేది తెలిసినవాళ్ళు నోరు విప్పకూడదు.

ఒక సీను మాత్రం తప్పకుండా గట్టిగా చదవండి. ముసలి కౌంట్ బెజుఖోవ్ పోతున్న రాత్రి. ఆస్తంతా పియేర్‌కు రాసిన వీలునామా ఉంది. పియేర్ పెళ్ళి కాని తల్లికి పుట్టినవాడు. అతన్ని సక్రమ సంతానంగా ఒప్పుకోమని చక్రవర్తికి రాసిన అర్జీ కూడా ఉంది. కాగితాలు ఒక తోలు సంచిలో ఉన్నాయి. కౌంట్‌కు దగ్గరి చుట్టం అయ్యే పెద్ద ప్రిన్సెస్ కతీష్ సంచి పట్టుకుంది. అన్నా మిహాయ్‌లొవ్నా అటుపక్క పట్టుకుంది. ఇద్దరూ మొదట గొంతు పెంచకుండా, మర్యాద తప్పనట్టే గుంజుకుంటున్నారు. పక్క గదిలో ప్రాణం పోతోంది.

మేం పాత్రలు పంచుకుని చదివాం. కతీష్‌గా డిగ్రీ అమ్మాయి, ఫోన్లోంచి. అన్నా మిహాయ్‌లొవ్నాగా చండూరు అక్క. మంచినీళ్ళ సీసా తీసి సంచి అన్నాం. రిటైరైన తెలుగు సారు, ఆ ఆస్తి మీదే కన్నేసిన ప్రిన్స్ వసీలీ. సగంలో ఆయన పుస్తకం దించి, "మా పెదనాయన పోయిన రోజు పట్టాపాసుబుక్కు బీరువాలోంచి ఎవరు తీసిన్రో ఇప్పటికీ తేలలేదు" అన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అక్క సీసా వదలకుండానే అడిగింది: "మరి ఈమెకేం పని సార్? ఈ అన్నా మిహాయ్‌లొవ్నా ఎవరోళ్ళ మనిషి? ఆస్తి వస్తే ఈమెకేమొస్తది?"

నోటుబుక్కుల్లో ద్రుబెత్‌స్కోయ్ పేజీ తెరిచాం. కొడుకు బోరిస్. కొడుకు సైన్యంలోకి పోతున్నాడు, యూనిఫారానికి డబ్బుల్లేవు. బోరిస్‌కు గాడ్‌ఫాదర్, అంటే బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి, కౌంట్ బెజుఖోవే. వరుస కలిసింది, సీను తెరుచుకుంది. ఎవరూ ఏ పేరూ బట్టీ పట్టలేదు.

ఈ వారం పని. మొదటి భాగం చివరిదాకా చదవండి. మీ అనువాదాన్ని బట్టి అది 25 అధ్యాయాలైనా కావచ్చు, 28 అయినా కావచ్చు. గుంపులో తలా ఒక అనువాదం ఉంటే అధ్యాయం నంబరు చెప్పుకోవద్దు, 'తోలు సంచి రాత్రి' అని సీను పేరు చెప్పుకోండి. చివరి అధ్యాయాలు బొల్కోన్‌స్కీల ఊరిలో జరుగుతాయి. ఆ ఊరి పేరుకు రష్యన్‌లో అర్థం బోడిగుట్టలు. అక్కడ అంద్రేయ్ యుద్ధానికి బయలుదేరుతాడు. ముసలి తండ్రి కొడుకును సాగనంపేటప్పుడు ఏ పేరుతో పిలిచాడో, చెల్లెలు ఏ పేరుతో పిలిచిందో, నోటుబుక్కులో పక్కపక్కన రాసుకురండి.

వచ్చే పాఠానికి యూరప్ మ్యాపు ఒకటి కావాలి, స్కూలు అట్లాసు చాలు. రెండో భాగం 1805 అక్టోబరులో ఆస్ట్రియాలో బ్రౌనౌ కోట దగ్గర తెరుచుకుంటుంది. తుపాకులు ఎక్కడున్నాయని వెతక్కండి. నడిచి నడిచి వచ్చిన సైనికుల బూట్లు చూడండి.